చెరువుకొండకి నిప్పు వంతు

సముద్రంలో వరుసగా మూడు కొండలు. మొదటిది చెరువుకొండ. ఒకప్పుడు నిప్పు కక్కిందట గానీ, ఇప్పుడు దాని నోట్లో మంచినీళ్ల చెరువు, చుట్టూ పచ్చిక. రెండోది నడిమికొండ. అదీ చల్లారిపోయింది, కానీ అక్కడ చుక్క నీరు లేదు. మూడోది పొగకొండ. పొద్దస్తమానం బుసలు కొడుతూనే ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మూడింటి మధ్యా ఇసుక దారి తేలుతుంది.

చెరువు చిన్నది కాబట్టి నీళ్లకి వంతులు. ముందు పోలయ్య అనే ఎద్దు, తర్వాత సింగారి అనే మేక, ఆపైన కోళ్లు, మళ్లీ పోలయ్య. నక్క నరసడికి మాత్రం వంతు లేదు. పూడిక తీసే రోజున కాలు బెణికిందని మూలిగి, సాయంత్రానికి కోళ్ల వెంట పరిగెత్తినవాడికి వంతు ఎవరిస్తారండీ? పొగకొండకి తరిమేశారు. అక్కడ బూడిద నాకుతూ, చెరువు మీద కన్నేసి కూర్చున్నాడు.

ఓ రోజు పొద్దున్నే రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగింది పోలయ్య మామా! నిప్పు మీ కొండకి వచ్చేస్తోంది!"

"మా కొండ ఎప్పుడో ఆరిపోయింది కదరా," అన్నాడు పోలయ్య.

"అదే చెబుతున్నా. నిప్పు ముందు మీ కొండలో ఉంది. తర్వాత నడిమికొండకి వెళ్లింది. ఇప్పుడు పొగకొండలో ఉంది. వరుస అయిపోయిందా? ఇక ఎవరి వంతు?"

పోలయ్య నమలడం ఆపేశాడు. వంతు అన్నాక మొదటికి తిరిగి రావాల్సిందేగా! పుట్టినప్పటి నుంచీ వంతుల మీద బతికిన గొడ్డు, ఇంకోలా ఎలా ఆలోచిస్తుంది?

"మూడు రోజులే గడువు. మీరు నడిమికొండకి వెళ్లిపోండి. నిప్పు నా మాట వింటుంది, బతిమాలి చూస్తాను. నా ప్రాణం పోతే పోనీ, చెరువు దగ్గర నేను కాపలా ఉంటాను," అని కళ్లు తుడుచుకున్నాడు నరసడు.

సింగారి నిండు చూలాలు. "నీళ్లు లేని చోట ఈనితే నా పిల్లలు దక్కుతాయా మామా?" అని ఏడ్చింది.

"కాలిపోవడం కంటే నయం కదమ్మా," అన్నాడు పోలయ్య దిగాలుగా. మేతకని అరటాకుల కట్ట వీపున వేసుకుని ముందు నడిచాడు. వెనక సింగారి, కోళ్లు. అందరూ నిజంగా పోతున్నారో లేదోనని నరసడు సాగనంపడానికి కూడా వచ్చాడు.

ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలవ్వ ఎదురైంది. సంగతంతా విని, డొప్ప కదిలిపోయేలా నవ్వింది.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట ఒకడు. నిప్పు నడుస్తుందంటే మీరు మూటలు కట్టేశారా? నాతో రండి."

నడిమికొండ దాటాక ఇసుకలో సన్నటి బొరియ ఒకటి ఆవిరి చిమ్ముతోంది. అవ్వ పోలయ్యని దాని మీద అరటాకు పట్టుకోమంది. ఆకు కమిలింది. "కాస్త లాగి ఆపు. ఇంకాస్త లాగి ఆపు," అంది. ఆకు మీద వరుసగా మూడు మచ్చలు పడ్డాయి.

"ఇప్పుడు ముట్టుకుని చూడు సింగారీ."

"మొదటిది చల్లారిపోయింది. రెండోది గోరువెచ్చగా ఉంది. మూడోది... అబ్బా, కాలింది!" సింగారి ముట్టె వెనక్కి లాక్కుని, బొరియ వంకా ఆకు వంకా చూసింది. "అవ్వా! బొరియ ఉన్నచోటే ఉంది. కదిలింది ఆకు!"

"మరే! నిప్పు అడుగునెక్కడో ఉన్నచోటే ఉంటుంది. పైనున్న నేలే జరుగుతుంది, ఏడాదికి మీ మామ గిట్ట పెరిగినంత. జరిగిన కొండ చల్లారుతుంది, దాని వెనక కొత్త కొండ పుడుతుంది. పోలయ్యా, ఇంకాస్త లాగితే మచ్చ ఎక్కడ పడుతుంది?"

"మూడోదాని అవతల," అన్నాడు పోలయ్య. "మొదటి మచ్చ మీద మళ్లీ పడదు. అయితే మా వంతు రాదన్నమాట!"

"రాదు. పొగకొండ అవతల నాలుగోది అప్పుడే నీళ్లలోంచి తల ఎత్తింది కూడా."

నరసడి మొహం మాడిపోయింది. సింగారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. కడుపుతో ఉన్నదాన్ని ఇంత దూరం నడిపించాడే! అయినా గొంతులో తేనె కలిపింది.

"కొత్త కొండా! ముందు కాలు పెట్టినవాడిదే కదవ్వా? మాకు భయం బాబూ. నిప్పు మాట వినేది నరసడు బావకే. వంతులు లేవు, పూడిక లేదు, కొండంతా ఆయనదే!"

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. కానీ ఆశపోతు చెవికి అన్నీ నిజాలే. నరసడు ఎగిరి తాబేలవ్వ వీపెక్కాడు. "పద అవ్వా, ఎవరైనా ముందు చేరితే!"

కొత్త కొండంటే నల్లటి రాయి, ఓ గాదె అంత. నరసడు దర్జాగా దూకాడు. దూకినవాడు దూకినట్టే పైకి లేచాడు.

"అమ్మో! కాలు! అయ్యో, ఈ కాలు! అవ్వా, తీసుకుపో!"

"నిప్పు నీ మాట వింటుందిగా నాయనా, చెప్పి చూడు," అంది అవ్వ. "నేను ముందు గుడ్లు పెట్టుకోవాలి. నీ వంతు తర్వాత."

ఆమె తిరిగొచ్చేదాకా నరసడు నీళ్లలోకి, రాతి మీదకి, మళ్లీ నీళ్లలోకి గెంతుతూనే ఉన్నాడు. చేసిన మోసం ఒడ్డున చూస్తున్న అందరూ వినేలా మూడుసార్లు అరిచి ఒప్పుకున్నాకే అవ్వ వాణ్ణి ఎక్కించుకుంది.

సింగారి చెరువు గట్టునే ఈనింది. రెండు పిల్లలు, రెండూ గడుగ్గాయిలే. ఆ ఏడు పూడిక తీసే రోజున అందరికంటే ముందు నరసడే వచ్చాడు. ఈసారి నాలుగు కాళ్లకీ నిజంగానే బొబ్బలు, అయినా ఒక్క మూలుగు లేకుండా సాయంత్రం దాకా బురద తోడాడు. పోలయ్య వాడికి నీళ్ల వంతు ఇచ్చాడు, కోళ్ల తర్వాత.

నీతి: ఏది కదులుతోందో చూసుకోకుండా కాపురం కదిలించకూడదు.