అధికారి నెత్తిన జాడీ

పూర్వం ఒక రాజ్యంలో వైద్యశాలకి తైలాల జాడీలు చేసే బట్టీ ఉండేది. జాడీల మట్టిలో కలిపే రాతిపొడిని గురవమ్మ పలచటి గుడ్డలో జల్లించేది. కొత్తగా వచ్చిన అధికారి భుజంగరాయుడు ఆమెని పని మాన్పించాడు. "మట్టిని అతికించేది మంట. పొడి ఎలా ఉంటే ఏం?" అన్నాడు.

గరుకుపొడితో చేసిన జాడీలన్నీ కారిపోయాయి. మంట సరిగా వెయ్యలేదని రాయుడు నేరమంతా బట్టీ కాల్చే వీరన్న మీదికి నెట్టాడు. వీరన్నని రాజ్యం నుంచి వెళ్ళగొట్టబోతుంటే గురవమ్మ కొలువుకి వచ్చింది.

"ప్రభూ, సన్నపొడి రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి, అందుకే మంటకి అతుక్కుంటాయి. గరుకుపొడిలో సందుల్ని ఎంత మంటా పూడ్చలేదు."

"ఈసారి నేనే దగ్గరుండి కాల్పిస్తాను. చుక్క కారదు" అన్నాడు రాయుడు.

"అలాగే కానివ్వండి. ఆ జాడీ నిండా తైలం పోసి, తమరే నెత్తిన పెట్టుకుని రండి. నా పొడితో చేసిన జాడీ నేను మోసుకొస్తాను."

రాజు సరేనన్నాడు. వారం తర్వాత గురవమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని జాడీతో వచ్చింది. రోజూ పట్టుబట్టల్లో తిరిగే రాయుడు మాసిన పంచెతో, జాడీ కింద నాలుగు మడతల గోనెపట్టా పెట్టుకుని వచ్చాడు.

రాజు జాడీలు దించనివ్వలేదు, మూతలు తీయించలేదు. "రాయుడూ, చుక్క కారదన్నవాడివి, పట్టుబట్టలు ఇంట్లో వదిలి వచ్చావేం?" అన్నాడు.

రాయుడు నోరు తెరిచేలోగా గోనెపట్టా తడిసింది. అతని తలమీంచి తైలం కారింది.

అప్పటినుంచి వీరన్న బట్టీ ముట్టించే ముందు మంటకి కాదు, గురవమ్మ జల్లించే గుడ్డకి దండం పెట్టుకునేవాడు.