మొద్దు టీవీని వెతికిన నాంచారి

అనగనగా, దారిలో ఎడ్లబళ్ళూ, ఇంటింటా టీవీలూ ఉన్న కాలంలో, మేలుగొండ అనే రాజ్యం ఉండేది. అదేం కాలమండీ అని నన్ను అడక్కండి. కథ చెప్పేవాడికి పంచాంగంతో పనిలేదు.

మేలుగొండ రాజు పేరు రణమల్లుడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఆయన తల్లి రాజమాతకు పొద్దుగూకితే చాలు, టీవీలో హరికథ ఉండాలి. కోట మీదికి శత్రువు దండెత్తి వచ్చినా, "మంగళం పాడేదాకా ఆగమనండి" అనే రకం ఆవిడ. ఆవిడకు విసనకర్ర వీచే మనిషి పోలప్ప. నోట్లో నాలుక లేని మనిషి.

పోలప్ప భార్య నాంచారి. ఆమెకు మాత్రం నాలుక ఉంది, బుర్ర అంతకన్నా ఉంది. తండ్రి దగ్గర నేర్చుకుని సంతలో ఎడ్ల బేరం చేసేది. పళ్ళు చూసి వయసు చెప్పేది, సుడి చూసి గుణం చెప్పేది, నాలుగడుగులు నడిపించి కాలిలో ఉన్న జబ్బు చెప్పేది. నాంచారి మంచిదన్న ఎద్దును కళ్ళు మూసుకుని కొనేవారు జనం.

ఒకనాటి సాయంత్రం రాజు తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, ఏటి ఒడ్డున ఉన్న రేగడి నేలలో కొత్త పేట కట్టిద్దామనుకుంటున్నాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. మర్నాడు పొద్దున భటులు వెళ్ళి చూస్తే ఏముంది? ఆ రేగడి నేలంతా రాత్రికి రాత్రే మకరందుడు అనే వర్తకుడు కొనేసి, హద్దురాళ్ళు కూడా పాతేశాడు.

రాజు ఉగ్రుడైపోయాడు. పోలప్పను సభకు రప్పించాడు.

"ఆ మాట అన్నప్పుడు గదిలో ముగ్గురమే ఉన్నాం. నేనెవరికీ చెప్పలేదు. మా అమ్మ గడప దాటలేదు. ఇక మిగిలింది నువ్వే."

"నేను విసనకర్ర వీచాను ప్రభూ. అంతకు మించి ఏమీ చేయలేదు" అన్నాడు పోలప్ప.

"రహస్యం మోసిన నాలుకను కోసి, వీణ్ణి పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

ఆ మాట చెవిన పడగానే నాంచారి సంతలోంచి పరుగెత్తుకొచ్చింది. భుజం మీద తువ్వాలు అలాగే ఉంది, కాళ్ళకు దుమ్ము అలాగే ఉంది. సభ మధ్యన నిలబడి దణ్ణం పెట్టింది.

"గదిలో ఉన్నది ముగ్గురు కాదు ప్రభూ. నలుగురు."

"నాలుగోవారెవరు?"

"గోడకున్న టీవీ."

సభంతా పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది మకరందుడు. నవ్వడా మరి? రాజ్యంలో టీవీలన్నీ అతని కొట్లలోంచి వచ్చినవే. అవి మామూలు టీవీలు కావు, తెలివి టీవీలు. తెరవగానే పేరు పెట్టి పిలుస్తాయి. ఏం చూడాలో అవే చెబుతాయి. నూనె అయిపోయిందని ఇల్లాలు అనుకుంటే చాలు, మరుక్షణం నూనె బొమ్మ చూపిస్తాయి.

"చూపించే వస్తువు వింటుందా అమ్మా? కళ్ళద్దాలు కబుర్లు చెబుతాయా?" అన్నాడు మకరందుడు.

"మనసులో మాట తెలియాలంటే ముందు ఎవరో ఒకరు వినాలి కదయ్యా" అంది నాంచారి.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "అయితే ఆ టీవీ తీసేయిద్దాం."

"కథ సగంలో ఉంది. తీశారో, నేను మెతుకు ముట్టను" అని తెర వెనక నుంచి రాజమాత గొంతు వినిపించింది.

"తీయొద్దు ప్రభూ, మార్చండి" అంది నాంచారి. "చెవుల్లేని టీవీ ఒకటి అక్కడ పెట్టి, మా ఆయన్నే మళ్ళీ విసనకర్రతో నిలబెట్టి, ఇంకో రహస్యం చెప్పండి. అది పొక్కితే మా ఆయన నాలుక మీ ఇష్టం. పొక్కకపోతే దోషం ఎవరిదో మీకే తెలుస్తుంది."

రాజుకు ఈ మాట నచ్చింది. మకరందుడికి మాత్రం నచ్చలేదు. "ప్రభూ, అలాంటి మొద్దు టీవీలు అమ్మడం మేము ఎప్పుడో మానేశాం. రాజ్యమంతా గాలించినా ఒక్కటి దొరకదు" అన్నాడు.

"మూడు రోజులు గడువిస్తున్నాను" అన్నాడు రాజు. "మూడో రోజు పొద్దు గూకేలోగా మొద్దు టీవీ తెచ్చావా, నువ్వు చెప్పినట్టే పరీక్ష పెడతాను. తేలేదా, నాలుగో రోజు శిక్ష తప్పదు."

చెరసాల ఊచల దగ్గర పోలప్ప అడిగాడు, "దొరుకుతుందంటావా నాంచారీ?"

"సంతలో దొరకని ఎద్దుంటుందా? సరైన కట్టుకొయ్య దగ్గరికి వెళ్ళాలి, అంతే" అంది నాంచారి. 

మొదటి రోజు పెద్ద బజారులో పెద్ద దుకాణానికి వెళ్ళింది. గోడలనిండా నలభై టీవీలు మెరిసిపోతున్నాయి.

"అన్నా, నాకు మొద్దు టీవీ కావాలి. బొమ్మ చూపించడం తప్ప దానికి ఇంకేమీ తెలియకూడదు" అని గట్టిగానే అడిగింది.

"ఇదిగో అక్కా, దీనంత అమాయకమైనది ఇంకోటి లేదు" అని దుకాణదారు ఒకటి చూపించాడు. బొమ్మ బాగానే ఉంది. నాంచారి తృప్తి పడలేదు. మేత పెట్టినప్పుడు ప్రతి ఎద్దూ సాధువే. గుణం తెలియాలంటే మేత ఆపి చూడాలి. ఆమె ఆ టీవీని మకరందుడి కొట్లకు కలిపే ఇంటర్నెట్ తీగ పీకేసి, మామూలు యాంటెనా తీగ తగిలించింది.

టీవీ మొహం నల్లగా పెట్టింది. "ముందు మీ పేరు చెప్పండి. మీ ఊరు చెప్పండి. నా షరతులన్నిటికీ సరే అనండి. ఆ తర్వాతే బొమ్మ" అంది.

"పాలు పిండకముందే పొలం రాసిమ్మనే గేదెను ఇప్పుడే చూస్తున్నాను" అంది నాంచారి. ఒకటి కాదు, నలభై టీవీల తీగలూ పీకి చూసి, మళ్ళీ తగిలించింది. నలభయ్యీ అదే పాట పాడాయి.

దుకాణదారు మంచివాడే. సిగ్గుపడ్డాడు. "పాత సామాన్ల వీధిలో మంగతాయి కొట్టుందక్కా. అక్కడ ఓ పాత డబ్బా టీవీ ఉండాలి" అన్నాడు.

"రేపు తెల్లారేసరికి అక్కడే ఉంటాను" అని నాంచారి ఇంటిదారి పట్టింది.

రెండో రోజు తెల్లారేసరికి అక్కడే ఉంది. ఏం లాభం? మంగతాయి చేతులు తిప్పింది.

"ఇప్పుడే వదినా. మకరందుడి మనుషులొచ్చి, నేను నోరు తెరిచేలోగా కొనుక్కుని పట్టుకుపోయారు. పోనీ, కుమ్మరి వీధిలో మా అన్న అటక మీద ఇంకోటి పడి ఉంది. మొదటి ఇల్లే. వెళ్ళు."

నాంచారి చీర కుచ్చెళ్ళు దోపుకుని పరుగెత్తింది. కుమ్మరి వీధిలో మంగతాయి అన్న నిచ్చెన మీద నిలబడి, ఖాళీ అటక వైపు చూస్తున్నాడు. గుర్రాల మీద వచ్చినవాళ్ళు ఆమెకన్నా ముందే వచ్చి, దాన్నీ తీసుకుపోయారు.

నాంచారి ఆ వీధిలోనే చతికిలబడి ఏడ్చింది. ఎడ్ల కొమ్ములకు భయపడని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక్క రోజే మిగిలింది.

ఏడుపు ఆగాక ఆలోచించింది. ఈ కబురు వీళ్ళకు ఎవరు మోస్తున్నారు? మంగతాయి సంగతి తను పెద్ద దుకాణంలో తప్ప ఎక్కడా అనలేదు. అక్కడ గోడల మీద నలభై టీవీలు. అటక సంగతి మంగతాయి కొట్లోనే అనుకున్నారు. ఆ కొట్లో మూలన వాగుతున్నది కూడా టీవీయే.

"టీవీ వింటుందని సభలో చెప్పింది నేనే. దాని ముందే నోరు పారేసుకున్నదీ నేనే" అని తలకొట్టుకుంది.

అవును మరి, అందులోనూ ఎడ్ల బేరం చేసే మనిషికి అది మామూలు తప్పు కాదు. మేలుగొండ సంతలో బేరమెలా చేస్తారో మీకు చెప్పలేదు కదూ? ఎవరూ నోరు విప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కుకుంటారు. ఎవరు ఎంత అడిగారో, ఎంతకు దిగారో ఆ రెండు చేతులకే తెలుసు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ కనబడదు. బేరం కుదిరి వేళ్ళు విడిపోగానే, అక్కడికక్కడే పగ్గం చేతులు మారాలి. ఆ మాటకు తిరుగు లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అలా బతికిన నాంచారి, మొగుడి మీద బెంగతో ఆ సంగతే మరిచిపోయింది.

మూడో రోజు బండి కట్టుకుని, యాంటెనా తీగ ఒకటి అందులో వేసుకుని బయలుదేరింది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఏ దుకాణమూ ఎక్కలేదు. టీవీ అని పిలిచేవాటిలో మొద్దుది లేనప్పుడు, టీవీ అని పిలవనివాటిలో ఉండొచ్చు కదా అని ఆమె ఆలోచన. కళ్ళు మాత్రం తెరుచుకుని ఊరంతా తిరిగింది.

మిట్టమధ్యాహ్నం ఏటి రేవు దగ్గర ఎడ్లకు నీళ్ళు తాగిస్తుంటే, రేవు స్తంభానికి కట్టిన పలక కనబడింది. మంచమంత వెడల్పు. దాని మీద వెలుగు అక్షరాలు: మొదటి పడవ పొద్దు పొడిచాక, రెండో పడవ అన్నాల వేళకు, మూడో పడవ దీపాలకు ముందు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే. ఎవరి పేరూ అడగదు, ఎవరి మాటా వినదు. చెప్పింది చూపిస్తుంది. నాంచారి దాని వెనక్కి వెళ్ళి చూసింది. కరెంటు తీగ ఒకటి, అక్షరాలు మోసుకొచ్చే తీగ ఒకటి. ఆ రెండో తీగ పీకి, తన బండిలో ఉన్న యాంటెనా తీగ తగిలించింది. ఏ ప్రశ్నా అడక్కుండా, పేచీ పెట్టకుండా, బొమ్మ వచ్చింది.

నాంచారి కళ్ళు చెమర్చాయి. నోరు మాత్రం విప్పలేదు. ఎందుకంటే రేవు పెద్ద గవరయ్య గుడిసెలో తెలివి టీవీ ఒకటి మోగుతోంది.

గవరయ్య ఎవరా అని బయటికి వచ్చాడు. నాంచారి పెదవుల మీద వేలు పెట్టి, పలకను చూపించి, తన జత ఎడ్లను చూపించి, తువ్వాలు చాచింది. గవరయ్య సంత ఎరిగిన మనిషి. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

నాంచారి రెండు వేళ్ళు నొక్కింది. జత మొత్తం ఇస్తానని. ఆమెకున్న ఆస్తి ఆ జతే.

గవరయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆశపడితే జత ఎడ్లు అతనివే. కానీ అతను తల అడ్డంగా ఊపి, ఒక్క వేలు నొక్కాడు. ఒక్క ఎద్దు చాలు, అంతకన్నా తీసుకుంటే అన్యాయం అని. వేళ్ళు విడిపోయాయి. నాంచారి అక్కడికక్కడే కుడి ఎద్దు పగ్గం అతని చేతిలో పెట్టింది. గవరయ్య పలక విప్పి బండెక్కించి, పడవల వేళలు సుద్దముక్కతో స్తంభం మీద రాసుకున్నాడు.

ఇప్పుడు కాడికి ఒక పక్క ఎద్దుంది, ఇంకో పక్క లేదు. నాంచారి తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, ఆ పక్క తనే కాడి కింద భుజం పెట్టింది. ఊరి నడివీధిలోంచి ఎద్దుతో కలిసి బండి లాగింది. అరుగుల మీద వాళ్ళు, "ఏంటమ్మా ఇది? ఎక్కడికమ్మా?" అని అడిగారు. ఇంటింటా టీవీలు చెవులు రిక్కించాయి. ఆమె పల్లెత్తు మాట అనలేదు. పొద్దు కొండ అంచును తాకుతుండగా బండి కోటలోకి వచ్చింది.

మకరందుడు తెల్లమొహం వేశాడు. "ఇది టీవీ కాదు ప్రభూ. రేవు పలక."

"హరికథ వస్తుందా, రాదా?" అంది రాజమాత.

వచ్చింది. మధ్యలో ఆగలేదు, నూనె కొనమనలేదు. రాజమాత మంగళం దాకా చూసి, "ఇన్నేళ్ళకు ఇవాళ కథ ప్రశాంతంగా విన్నాను" అంది.

పోలప్ప విసనకర్ర వీస్తుండగా రాజు, "అమ్మా, తూర్పు తోటలో కొత్త సంత పెట్టిద్దాం" అన్నాడు. తెల్లారింది. తూర్పు తోటలో ఒక్క పురుగు కూడా కదల్లేదు.

మొద్దు టీవీ ఉన్న ఆ గదికే నాంచారిని ఒక్కతినే పిలిపించి, "నీ భర్త నిర్దోషి" అన్నాడు రాజు.

"ఆగండి ప్రభూ" అంది నాంచారి. "ఎద్దును ఒక్కసారి నడిపించి కొనకూడదు. వెనక్కి తిప్పి కూడా నడిపించాలి. పాత టీవీ మళ్ళీ పెట్టండి. మా ఆయన్ని చెరసాలకు పంపండి. ఇంకో మాట చెప్పండి."

పోలప్ప చెరసాలలో ఉండగా, తెలివి టీవీ ముందు కూర్చుని రాజు, "అమ్మా, పడమటి పుట్టలబీడులో కొత్త రాజధాని కడతాను" అన్నాడు. పుట్టలబీడంటే పాములకూ తుమ్మముళ్ళకూ తప్ప ఎవరికీ పనికిరాని నేల. మేకలు కూడా అటు పోవు.

తెల్లారేసరికి ఆ బీడంతా హద్దురాళ్ళే. ప్రతి రాయి మీదా మకరందుడి పేరే.

రాజు సభలో అడిగాడు, "మకరందా, పుట్టలబీడు మీద ఉన్నట్టుండి నీకు అంత ప్రేమ ఎలా పుట్టింది?"

మకరందుడు మెల్లగా తలుపు వైపు జరిగాడు. భటులు అడ్డం నిలబడ్డారు.

"రేగడి నేల పాతవాళ్ళకు తిరిగి ఇచ్చెయ్. పుట్టలబీడు మాత్రం నీదే. రేపటినుంచి అక్కడే కాపురం" అన్నాడు రాజు. సభ మళ్ళీ పగలబడి నవ్వింది. ఈసారి మకరందుడు తప్ప.

పోలప్ప బయటికొచ్చి భార్య చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాంచారీ ఏడ్చింది. రాజు సింహాసనం దిగి వచ్చి తనను క్షమించమని ఆ ఇద్దరినీ అడిగాడు. "ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

"పరాయి చేలో పడి మేసే దొంగ గొడ్డుకు మెడలో గుదికర్ర కడతాం ప్రభూ" అంది నాంచారి. "అప్పుడు కొనేవాడికి దాని గుణం దూరంనుంచే తెలుస్తుంది. వినే టీవీ ప్రతిదానికీ అలాగే గుదికర్ర కట్టించండి. ఆ తర్వాత కొనేవాళ్ళు కొంటారు, మానేవాళ్ళు మానతారు."

అలాగే చాటింపు వేయించారు. వారం తిరిగేసరికి మేలుగొండ బజారులో మెడకు కర్ర వేలాడుతున్న టీవీలు వరసగా నిలబడ్డాయి. పిల్లలు వాటిని చూసి నవ్వేవారు, పెద్దలు తప్పుకుని పోయేవారు. ప్రతి దుకాణం ముందూ జనం బారులు తీరి, తలెత్తుకుని గట్టిగా అడిగారు, "మొద్దు టీవీ ఉందా?" అని. దుకాణదారులు పరుగులు పెట్టి పొరుగు రాజ్యాలనుంచి తెప్పించారు.

నీతి: ఇంట్లో వస్తువుకు దాని పని తెలిస్తే చాలు, తెలివి ఇంటివాళ్ళకు ఉండాలి.