నల్లరేగడి కాళ్లెందుకు పట్టుకుంటుంది

ఒకప్పుడు జరిగిన ఈ కథ చాలా చిన్నది. అన్నం ఉడికేలోపు అయిపోతుంది. అయితే ముందు ఎల్లమంద సంగతి చెప్పాలి. ఎవరు ఎక్కడ పని చేస్తున్నా ఆయన దగ్గర్లో ఒక ఎత్తయిన రాయి చూసుకుని కూర్చుని సలహాలు చెప్పేవాడు. ఆయన చేతికి మట్టి అంటగా చూసినవాళ్లు లేరు. అది ఆయన తప్పు కాదు. అప్పటికి మట్టే లేదు.

అవును, అగ్గికొండ కింది ఆ ఊళ్లో ఎటు చూసినా నల్లబండే. కొండకు కోపం వచ్చినప్పుడల్లా ఎర్రటి నిప్పుపాకం పొంగించి పోసేది. అది చల్లారి బండయ్యేది. మళ్లీ కోపం, మళ్లీ బండ. అందుకే అక్కడి గుట్టలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఎన్ని మెట్లో అన్ని కోపాలు. చివరికి కొండ అలిసిపోయి నిద్రపోయింది. లేపడానికి ఎవరూ వెళ్లలేదు.

ఆ ఊళ్లో చంద్రవ్వ దగ్గర ఒక కుండెడు జొన్న విత్తనం ఉంది. వాళ్లమ్మ ఇచ్చింది. ఊరంతా దూరపు అడవి నుంచి గడ్డలు తెచ్చి ఉడకేసుకుని తినే రోజులవి. ఆ విత్తనం ఆ ఏడు నేలలో పడకపోతే పురుగు పట్టిపోతుంది. ఇక ఎప్పటికీ గడ్డలే గతి.

"కాస్త మన్నుగా మారవే తల్లీ," అని చంద్రవ్వ బండను బతిమాలింది.

"ఇప్పుడే పడుకున్నాను," అంది బండ. పడుకుని పదివేల ఏళ్లయింది.

సూర్యుణ్ణి సాయం అడిగితే పొద్దుపోయిందన్నాడు. వానను అడిగితే దారిలో ఉన్నానంది. చంద్రవ్వకు విసుగొచ్చింది. అప్పుడామె పనికొచ్చే పని ఒకటి చేసింది. చాడీలు చెప్పింది.

"ఆ బండను పగలగొట్టడం నీవల్ల కాదట గదా అన్నా. వానమ్మ అంటోంది," అని సూర్యుడితో చెప్పింది.

"నీవి ఉత్త తుంపర్లేనట అక్కా. సూర్యుడన్నాడు," అని వానతో చెప్పింది.

ఇద్దరికీ రోషం వచ్చింది. పొద్దంతా ఆయన బండను కాల్చాడు. సాయంత్రం ఆమె దాని మీద కుమ్మరించింది. కాలిన రాయి మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో చంద్రవ్వకు తెలుసు. పొయ్యిరాళ్లు ఎన్నో పోగొట్టుకుంది. బండ ఫట్‌మని పగిలింది, ముక్కలైంది, పొడైంది. వానాకాలం వచ్చేసరికి ఊరి చుట్టూ నల్లటి మెత్తటి మన్ను.

చంద్రవ్వ కుండ చంకనెత్తుకుని అడుగుపెట్టింది. మన్ను ఆమె కుడికాలు పట్టేసుకుంది.

"సూర్యుడు నా గురించి ఏమన్నాడే?" అంది చాడీల్లోంచి పుట్టిన ఆ మన్ను.

"ఏమీ అనలేదు. వదులు, విత్తుకోవాలి."

"అనకుండా ఉంటాడా? చెప్పి కదులు."

చంద్రవ్వ ఏదో ఒకటి కల్పించి చెప్పింది. మన్ను కుడికాలు వదిలి ఎడమకాలు పట్టుకుంది.

"మరి వానమ్మ ఏమంది?"

రోజూ అదే తంతు. పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పి, కాలికి రోకలంత బరువు మన్నుతో ఈడ్చుకుంటూ ఇంటికి పోయేది. ఒక్క గింజ పడలేదు.

"చెప్పులు వేసుకెళ్లు చెల్లీ," అన్నాడు ఎల్లమంద రాయి మీంచి.

వేసుకెళ్లింది. చెప్పులు మన్ను ఉంచేసుకుంది.

నాలుగు నెలలు ఇలాగే పోయాయి. వానలూ పోయాయి. కుండ మూత తీస్తే సగం గింజలకు పురుగు. చంద్రవ్వకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మిగిలిన గింజలు తీసుకుని పొలానికి నడిచింది. పైపైన ఆరి బీటలిస్తున్న మన్ను అప్పుడే మళ్లీ ఏదో అడగబోయి నోరు తెరిచింది.

"ఇంద, తిను," అని గింజలన్నీ ఆ నోట్లో పోసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

"వానలు పోయాక విత్తనమా," అని ఎల్లమంద ఇంటింటికీ వెళ్లి చెప్పాడు.

ఆ తర్వాత ఒక్క చినుకు పడలేదు. జొన్న మొలిచింది. మనిషెత్తు పెరిగింది. కంకి వేసింది. కడుపులో ఒక్క మాట దాచుకోలేని ఆ మన్ను, నాలుగు నెలల నీళ్లు మాత్రం దాచుకుంది.

ఊరు రొట్టెలు తింది. తాను ముందే చెప్పానన్నాడు ఎల్లమంద.

అప్పటినుంచే నల్లరేగడి వానాకాలంలో వచ్చేపోయేవాళ్ల కాళ్లు పట్టుకుంటుంది. ఎండాకాలంలో ఎవరూ రాకపోతే, కబుర్ల కోసం వంద నోళ్లు తెరుచుకుని చూస్తుంది. జొన్న మాత్రం అక్కడ వానలు వెళ్లాకే విత్తుతారు. చంద్రవ్వ చెప్పులు ఇంకా దొరకలేదు.