మంగతాయారమ్మ తెల్లసిగ

"దొంగ! దొంగ! మా గేదె దగ్గర దొంగ దూరాడర్రోయ్!"

అని వీధి చివర్నుంచి ఒక కేక వినపడింది. ఎక్కడంటావా బుజ్జమ్మా? అనగనగా ఒక ఊళ్ళో, గోదారి కాలవ పక్కన. అప్పటికింకా సరిగ్గా తెల్లారలేదు. వీధి వీధంతా లేచింది. ఒకాయన రోకలి పట్టుకొచ్చాడు. ఒకావిడ అట్లకాడ పట్టుకొచ్చింది. తీరా చూస్తే అక్కడ దొంగా లేదు, గింగా లేదు. మంగతాయారమ్మ పాలచెంబు పట్టుకుని నిలబడి ఉంది. మరి కేకేసిందెవరు? ఆవిడ మొగుడు వీర్రాజే!

"ఏవండోయ్, కట్టుకున్న పెళ్ళాన్ని గుర్తుపట్టలేదా?" అంది.

"నువ్వా! ఆ నెత్తిమీద అదేమిటే? ఎవరో నల్లగుడ్డ కప్పుకుని దూరారనుకున్నా!" అన్నాడు.

గుడ్డ కాదమ్మా, జుట్టే. నిన్నటిదాకా ముగ్గుబుట్టలా ఉన్న తల ఇవాళ బొగ్గులా నిగనిగలాడిపోతోంది. రంగేసుకుంది. ఎందుకేసుకుందో చెబుతాను. ముందు నువ్వు కాళ్ళు ముడుచుకుని ఇటు తిరిగి పడుకో.

ఆ ఊళ్ళో ఏటా అమ్మవారి తీర్థం జరుగుతుంది. తీర్థంలో ఆడవాళ్ళంతా జడకోలాటం ఆడతారు. అదేమిటో తెలుసునా? మధ్యలో పొడుగాటి రాట పాతుతారు. రాట కొస నుంచి రంగురంగుల తాళ్ళు వేలాడతాయి. ఒక్కొక్కళ్ళు ఒక్కో తాడు పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకళ్ళ పక్కనుంచి ఒకళ్ళు దూరుతూ ఆడితే, తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి. ఆ తర్వాత వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. చిక్కు లేకుండా విడిందా, ఆ ఏడు ఊరు చల్లగా ఉంటుందన్నమాట. జడ విడేదాకా ఊళ్ళో ఎవరూ విస్తరి ముందు కూర్చోకూడదు. అదీ ఆచారం.

అందరికంటే ముందు నడిచే మనిషి పట్టే తాడుని తలతాడు అంటారు. ఎన్నో ఏళ్ళుగా తలతాడు మంగతాయారమ్మదే. తీర్థం వస్తోందంటే చాలు, ఆవిడ కాళ్ళు నేల మీద ఉండవు. పప్పు రుబ్బుతున్నా కోలాటమే, పిడకలు కొడుతున్నా కోలాటమే!

కానీ ఆ ఏడు, ఎదురింటి చంద్రకాంతం నలుగురిలో ఒక మాట అనేసింది.

"తలతాడు పట్టేదానికి వీపున జడ ఉండాలని మన పెద్దవాళ్ళు పెట్టారు కదా. మంగతాయారత్తకి జడేదీ? అది ఎలకతోక. అదీ తెల్లది. ఈ ఏడు నేను పడతాలెండి."

చంద్రకాంతానికి తుమ్మెదరెక్కల్లాంటి జుట్టు, మోకాళ్ళదాకా జడ. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. అదిగో, ఏమీ అనకపోవడమే మంగతాయారమ్మకి ముల్లులా గుచ్చుకుంది. "తీర్థంనాటికి చూద్దురుగాని నా జుట్టు!" అని పైట దులుపుకుని వచ్చేసింది.

అప్పుడు సంతకెళ్ళి నల్లరంగు పొట్లం తెచ్చి తలకి పట్టించింది. జుట్టేమో పదహారేళ్ళ పిల్లది, మొహమేమో అరవై దాటినావిడది. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు! ఆ నలుపు పక్కన మొహం పాలిపోయి, పలక మీద సుద్దతో గీసినట్టు గీతలన్నీ లెక్కకొచ్చేశాయి.

వీర్రాజుకి కోడిపుంజుల పిచ్చి. నల్లపుంజుని కాకి అంటారు, ఎర్రపుంజుని డేగ అంటారు, తెల్లపుంజుని సేతు అంటారు. "మా ఇంట్లో సేతు కాస్తా కాకయిపోయిందర్రా!" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

సందెవేళ కోలాటం సాధన మొదలైంది. మంగతాయారమ్మ తలతాడు పట్టింది. కాస్త తిరిగారో లేదో, తాళ్ళన్నీ చిక్కుపడ్డాయి. "అత్త అడుగు తప్పింది" అంది చంద్రకాంతం. ఆవిడ తప్పలేదు. కానీ వయసు వచ్చినవాళ్ళకి అదే చిక్కమ్మా, ఎవరైనా తప్పావంటే, తప్పానేమోనని అనుమానం వచ్చేస్తుంది.

ఆ తర్వాత కుంకుడుకాయలు కొట్టి పులుసు తీసి రుద్ది రుద్ది పోసుకుంది. సంత రంగు కదా, కాలవలోకి పోయింది. ఈసారి రోలు నిండా గోరింటాకు రుబ్బింది. నల్లజుట్టుకి గోరింటాకు పెడితే మెరుపు. పండిన జుట్టుకి పెడితే? మంటే! తెల్లపోగులన్నీ భగ్గుమన్నాయి. కోడలు నాగరత్నం చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

"కాకి పోయి డేగ వచ్చింది!" అన్నాడు వీర్రాజు.

"మీరు నోరు మూసుకుని మీ పుంజులకి చోళ్ళు పెట్టుకోండి" అంది మంగతాయారమ్మ. అని, సిగ్గుపడి నెత్తిన ముసుగేసుకుని సాధనకెళ్ళింది. ఆ సందెవేళా తాళ్ళు చిక్కుపడ్డాయి. ముందటికంటే గట్టిగా.

అప్పుడు మూడో ఉపాయం చేసింది. సవరం తెచ్చింది. సవరమంటే పెట్టుడు జడ. ఎరుపు కనపడకుండా నెత్తినిండా ఆముదం రాసి, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ వెనక్కి బిగలాగి, సవరం పెట్టి అల్లి, జడకుచ్చులు కట్టింది. ఎంత బిగించిందంటే కనుబొమ్మలు నెత్తికెక్కాయి. పాపిట వెడల్పాటి దారిలా బయటపడింది. నవ్వుదామంటే బుగ్గలు చాల్లేదు!

"ఇది ఏ పుంజో నాకే తెలీట్లేదు" అన్నాడు వీర్రాజు.

ఆ జడ వేసుకుని గిర్రున తిరిగింది. తిరుగుతుంటే కుచ్చులు వెళ్ళి తాళ్ళలో పడ్డాయి. తాళ్ళతోపాటు సవరం కూడా అల్లుకుంటూ పైకి, పైకి, పైకి పోయింది. చివరికి ఊడొచ్చి రాట మీద వేలాడింది.

"అత్తా! నీ జడ రాటెక్కింది, దింపమంటావా?" అంది చంద్రకాంతం. అందరూ విరగబడి నవ్వారు.

మంగతాయారమ్మ నవ్వలేదు. పట్టుకున్న తాడు వదిలేసింది. "తలతాడు నువ్వే పట్టమ్మా చంద్రకాంతం. నా పని అయిపోయింది" అని ఇంటికొచ్చేసింది. ఆ వేళ గేదె కూడా ఆవిడ మొహం చూసి కిక్కురుమనకుండా పాలిచ్చిందిట.

తీర్థం రోజొచ్చింది. పొద్దున్నే తలంటుకుంది. ఎరుపంతా వెలిసిపోయి, కొసల్లో మాత్రం తేనెచాయ మిగిలింది. మిగతాదంతా మల్లెపూవే.

"ఏదో ఒకటి, చేత్తో ముడేసెయ్యవే. నేను గడప దాటేది లేదు" అంది కోడలితో.

"మీరు కూర్చోండత్తయ్యా" అంది నాగరత్నం.

నాగరత్నం బిగలాగలేదు. వెడల్పు పళ్ళ దువ్వెనతో నెమ్మదిగా దువ్వింది. పాపిట నడినెత్తిన తియ్యకుండా కాస్త పక్కకి తీసింది, పల్చబడ్డ చోటు కనపడకుండా పోయింది. చెవుల దగ్గర జుట్టు వదులుగా వదిలింది, బుగ్గలకి నిండు వచ్చింది. మెడ మీదకి జారేట్టు ఒత్తుగా సిగ చుట్టి, పక్కన కనకాంబరాలు తురిమింది. ఆ తెలుపు పక్కన ఆ పువ్వులు దీపాల్లా వెలిగాయి. మొహంలో గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా. కానీ ఇప్పుడవి నవ్వి నవ్వి పడ్డ గీతల్లా ఉన్నాయి.

అప్పుడే వీర్రాజు లోపలికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. పుంజు మాట ఎత్తలేదు.

"ఏమిటండీ అలా చూస్తారు?" అంది.

"మా ఆవిడ ఇంటికొచ్చిందే!" అన్నాడు.

అంతే, ఆవిడకి మళ్ళీ కాళ్ళలో కోలాటం మొదలైంది. "చూసొస్తాను, ఆడను" అని బయల్దేరింది. తీరా వెళ్తే, చంద్రకాంతం తలతాడుకి మారింది కదా, ఏటా తను పట్టే చివరి తాడు ఖాళీగా వేలాడుతోంది. ఒక్క తాడు వేలాడినా జడ పడదు. "చివర్నే కదా" అని దాన్ని పట్టుకుంది.

పొద్దు వాలింది. పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. డోలు మోగింది. చంద్రకాంతం జడ ఊపుకుంటూ ముందు కదిలింది. ఒక చుట్టు బాగానే పడింది. రెండో చుట్టులో ఇద్దరు గుద్దుకున్నారు. మూడో చుట్టుకి తాళ్ళన్నీ ముడిపడి బిగుసుకుపోయాయి. డోలు ఆగిపోయింది. ఊరంతా పొద్దుట్నుంచి పస్తు. పులిహోర గుండిగల మీద మూతలు తియ్యనేలేదు.

"ఎటు తిరగాలే? తెల్లతల ఏదీ?" అని గుంపులోంచి ఒకావిడ అరిచింది.

అరిచి తనే నాలిక కరుచుకుంది.

"అవునే!" అంది పక్కావిడ. "ఇన్నేళ్ళూ మనం ఆ తెల్లతల చూసుకునే కదా తిరిగింది! తెల్లతల ఎదురొస్తే లోపలికి, దాటిపోతే బయటికి. అది నలుపైంది, మనకి చిక్కు. దాని మీద ముసుగు పడింది, మనకి చిక్కు. ఇవాళ అది చివరికి పోయింది, మనకి చిక్కు. అత్త అడుగు ఎక్కడ తప్పింది? మన చూపే తప్పింది!"

అప్పుడు చంద్రకాంతం నెమ్మదిగా వచ్చింది. తలతాడు మంగతాయారమ్మ చేతిలో పెట్టింది.

"నేనూ నీ తలే చూసేదాన్నత్తా. ఇవాళ ముందు నిలబడితే, చూడ్డానికి నా ముందు ఎవరూ లేరు."

"నాకు జడ లేదుగా అమ్మా?"

"జడ రాట మీద పడాలత్తా. వీపు మీద ఉంటే ఎంత, లేకపోతే ఎంత!"

మంగతాయారమ్మ కొంగు నడుముకి చుట్టింది. "తెలుపు చూసుకు రండే!" అని ఒక్క కేకేసింది. ముందు వెనక్కి ఆడించి ముడి విప్పించింది. ఆ తర్వాత డోలు అందుకుంది చూడు! లైటు వెలుగులో ఆ తెల్లసిగ నీళ్ళ మీద చందమామలా ఇటు తేలింది, అటు తేలింది. దాని వెనకాల పచ్చతాడు, ఎర్రతాడు, నీలంతాడు. రాట మీద జడ పడింది. ఎంత చక్కటి జడనీ! ఆ తర్వాత వెనక్కి ఆడారు. పాయ వెంట పాయ విడుతూ, విడుతూ, తాళ్ళన్నీ వానధారల్లా తిన్నగా జారాయి. ఒక్క ముడి లేదు!

అప్పుడు వీధి చివర్దాకా ఒక కేక వినపడింది. ఎవరిదంటావు? వీర్రాజుదే. తలగుడ్డ గాల్లోకి ఎగరేసి,

"సేతు గెలిచిందర్రోయ్!"

ఊరు ఊరంతా ఘొల్లుమంది. మంగతాయారమ్మ కూడా ఈసారి బుగ్గలనిండా నవ్వింది.

ఆ తర్వాత బారుగా చాపలు పరిచారు. విస్తళ్ళు వేశారు. పులిహోర, గారెలు, పనసపొట్టు కూర, బూరెల్లో నెయ్యి. మంగతాయారమ్మకి ఇటుపక్క నాగరత్నం, అటుపక్క చంద్రకాంతం. చంద్రకాంతం జడ కూర్చుంటే విస్తట్లో పడుతోందని మంగతాయారమ్మే ఎత్తి ముడేసింది. అందరూ కూర్చున్నారు. అందరూ కలిసి మొదటి ముద్ద కలిపారు.

కథేమో కంచికి,
కనకాంబరం సిగకి,
బూరేమో బొజ్జకి,
బుజ్జమ్మేమో నిద్దరకి!