కడవెడు చన్నీళ్ళు

మేకను అమ్మవారికి బలి ఇచ్చే ముందు దాని మీద పసుపునీళ్ళు పోసి, అది ఒళ్ళు విదిల్చేదాకా ఎందుకు ఆగుతారో మీలో ఎవరైనా చెప్పగలరా? విదిలిస్తే మేకా ఒప్పుకున్నట్టు, అమ్మా ఒప్పుకున్నట్టు. విదిల్చకపోతే కత్తి ఎత్తకూడదు. "మేకను అడగడమేమిటి అమ్మమ్మా, దానికి తెలుగు వచ్చా?" అంటున్నాడు మా విహారి. నవ్వండి, పరవాలేదు. నవ్వాక ఆలోచించండి. చంపడం అంత తేలికైన పనే అయితే, ముందు అడగాలని ఎవరికి తోచింది?

చిదంబరయ్యగారనే గురువును ఆయన శిష్యుడు నీలకంఠం ఇలాంటిదే అడిగాడు. దేవుడి పేరున జరిగే హింస దేవుడి దగ్గర పుట్టిందా, మనలో పుట్టి దేవుడి వెనక దాక్కుందా అని. ఆ గురువుకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని, పక్క ఊళ్ళో అమ్మవారి కొలుపు జరుగుతోంది, చూసివద్దాం పద అన్నారు.

మాఘమాసం. మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చే చలి. ఆ ఊళ్ళో పశువులు వరసగా చచ్చిపోతున్నాయి. పెద్దకాపు నరసింగయ్య ఎడ్లు రెండూ ముందురోజే పోయాయి. తెల్లవారేసరికి ఊరంతా గుడి ముందు నిలబడి ఉంది. మేక మీద నీళ్ళు పోశారు. అది కదల్లేదు. మళ్ళీ పోశారు. చెవుల్లో చల్లారు. మెడలో కట్టిన వేపమండనే నములుతూ అలాగే నిలబడింది. మొదట జనం మేకను చూశారు, తరువాత పూజారిని చూశారు. ఆ తరువాత ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి పిల్లలూ.

అమ్మకు మనలో ఎవరి మీదో కోపం ఉందన్నారు ఒకరు. ఎవరి మీద అన్నారు ఇంకొకరు. బుట్టలల్లే ఓబులేసు పోయిన వానాకాలమే ఆ ఊరు వచ్చాడు. అతనికి పశువులే లేవు కనుక చచ్చినదీ లేదు. అనుమానం అతని మీదికి పోవడానికి ఆ మాత్రం చాలింది. పొలం గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు కూడా చెరో రెక్కా పట్టుకుని అతన్ని లాక్కొచ్చారు. వాళ్ళను కలపడం అమ్మవారి కొలుపు వల్ల కాలేదు, ఓబులేసు వల్ల అయింది. ఎవరో కడవ ఎత్తి అతని నెత్తిన కుమ్మరించారు. సన్నటి మనిషి, ఒంటి మీద చొక్కా లేదు. గడగడా వణికాడు.

"ఒళ్ళు విదిల్చాడు," అన్నాడు నరసింగయ్య. "అమ్మ ఒప్పుకుంది."

అది వేళాకోళానికి అన్న మాట కాదు. కత్తి పట్టుకున్నవాడు మేకను వదిలి ఇటు తిరిగాడు. ఓబులేసు నోరు తెరిచాడు గాని, పళ్ళు టకటకలాడి మాట బయటికి రాలేదు.

చిదంబరయ్యగారు గుంపును తోసుకుని వెళ్ళి, తన కండువా ఓబులేసు భుజాల మీద కప్పారు. పక్కనే ఉన్న రెండో కడవ ఎత్తి నీలకంఠం నెత్తిన పోశారు. శిష్యుడు అదిరిపడి వణికాడు. మరికొన్ని తన నెత్తినే పోసుకున్నారు. ముసలి ఒళ్ళు, నిలవలేనంతగా వణికింది.

"మేమిద్దరమూ ఒప్పుకున్నాం. ముగ్గురిలో ముందు ఎవరు నాయనా?" అని కత్తివాడిని అడిగారు. వాడు పెద్దకాపు వైపు చూశాడు. గురువు అడుగున కాసిని నీళ్ళు మిగిలిన కడవను పెద్దకాపు ముందుకు జరిపి, మీరు కూడా పోసుకోండి, అమ్మ ఏమంటుందో కనుక్కుందాం అన్నారు.

నరసింగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును ఊరంతా చూసింది.

కత్తి కిందికి దిగింది. జనం ఇళ్ళ దారి పట్టారు. వాళ్ళ వెనక, అప్పుడు, మేక, మెడలో గంట గణగణమనేట్టు, ఒళ్ళంతా ఒక్కసారి విదిల్చింది. అందరికీ వినబడింది. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

దారిలో నీలకంఠం బట్టలు పిండుకుంటూ, తన ప్రశ్న అలాగే ఉండిపోయిందన్నాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి నాయనా," అన్నారు గురువు. "తెలిసింది అంతవరకే. మిగతాదంతా మనం చెప్పిందే."

ఏది మిగతాదో నీలకంఠం దారి పొడుగునా ఆలోచించుకున్నాడు. మీరూ కాసేపు ఆలోచించండి. సగం చింతపండుకే పిక్కలు తీశాను. ఎండ పోకముందే ఆ పని కానిచ్చి వస్తాను.