ఎడమవైపు బుష్

మొన్న శ్రావణ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, కనకాచారిగారి మెకానిక్ షెడ్డులో శిష్యుడు దశరథం ఆయన్ని అడిగాడు: "గురువుగారూ, బరువు పడనిచోట అరుగుదల ఎలా వస్తుంది?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పాలి. నేనూ అక్కడే ఉన్నాను. మా తమ్ముడు నరహరి మోటారుసైకిలు గతుకు ఎక్కినప్పుడల్లా వెనకనుంచి ఎవరో మూలిగినట్టు చప్పుడు. మోకాళ్ల నొప్పితో మా అమ్మ అచ్చం అలాగే మూలిగేది. ఆవిడ పోయాక, ఆవిడకి కోపం వస్తుందేమోనని తమ్ముడు ఆవిడ కూర్చునే వెనక సీటు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. పెళ్లయ్యాక భార్య రాజ్యాన్నీ అంతే. ఆ ఉదయమే రాజ్యం పెట్టె సర్దుకుంది. "బండిమీదే చోటులేనిదాన్ని, ఇంట్లో ఎక్కడుంటానండీ? మీరూ మీ అమ్మగారూ ఊరేగండి," అంది.

ఆచారిగారు బండికి డబుల్ స్టాండు వేయించి, వెనక చక్రాన్ని పట్టి పైకెత్తి వదిలారు. టక్కుమంది. షాక్ అబ్జార్బర్లని పైన చట్రానికి పట్టి ఉంచే బోల్టులు విప్పించారు. కుడివైపు బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ కొత్తదానిలా ఉంది. ఎడమది కోలగా సాగి, లోపలంతా నలిగిపోయింది.

"ఇది చీర కట్టుకున్న మనిషి అరుగుదల. కాళ్లు రెండూ ఎడమకి వేసి కూర్చుంటే ఇలాగే అవుతుంది," అన్నారు.

"అమ్మ అలాగే కూర్చునేది," అన్నాడు తమ్ముడు.

దశరథం గొంతు తగ్గించాడు. "అమ్మగారి సంవత్సరీకం అయ్యాక రెండు బుష్‌లూ నేనే మార్చానండీ. అప్పట్నుంచీ సీటు ఖాళీయే కదా." ఆ వెంటనే అడిగాడు ఆ ప్రశ్న.

ప్రశ్నకి మాటతో జవాబు చెప్పడం ఆచారిగారికి అలవాటు లేదు. కొత్త బుష్‌లు బిగించి, చేతులు కడుక్కుని, "రేపు పొద్దున అమ్మాయిని తీసుకురా. ఎక్కితేగాని బాగయిందో లేదో తెలియదు," అని మాత్రం నరహరితో అన్నారు.

మర్నాడు పొద్దున దేవుడికి దీపం పెట్టి ముగ్గురం షెడ్డుకు నడిచి వెళ్లాం. రాజ్యం పెట్టె కూడా తెచ్చుకుంది. అటునుంచి అటే బస్టాండుకు పోతానంది. తమ్ముడు బండెక్కి, రెండు కాళ్లూ నేలకి ఆన్చి పట్టుకున్నాడు. రాజ్యం కొంగు దోపుకుని దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి వెయ్యకముందే బండి వెనకభాగం ఎడమకి మెల్లగా కుంగింది. ఈసారి చప్పుడు లేదు. రాజ్యం అడుగు ఆగిపోయింది. తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు.

ఆచారిగారు చెప్పులు విడిచి, ఆ ఖాళీ సీటు పక్కకి వచ్చి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా అన్నారు:

"కొంచెం జరగండమ్మా, కోడలు కూర్చుంటుంది."