తీర్థం ఆపిన మునసబు

వైద్యం నేర్పే రామకోటయ్యగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఒకనాడు మందు నూరుతూ శిష్యుడు చిదంబరం అడిగాడు: "రోగం వచ్చాక కుదిర్చినవాణ్ణి జనం నెత్తిన పెట్టుకుంటారు. రాకుండా ఆపినవాణ్ణి ఎందుకు తలచుకోరండీ?"

ఆయన జవాబుకు బదులు తానెరిగిన గుడిలంక సంగతి చెప్పాడు.

గోదావరి మధ్యనున్న ఆ ఊరికి వీరాస్వామి మునసబు. ఒక వరదలో కలరా అతని భార్యనీ పెద్దకొడుకునీ తీసుకుపోయింది. అప్పటినుంచి అతను ఊరికి ఎడంగా, మెరక మీద ఒక పాక వేయించి, మంచాలూ సున్నమూ, నీళ్ళు కాచే కాగులూ, కట్టెలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాడు. జనం నవ్వుకునేవారు. "చావుని పీటేసి మరీ పిలుస్తున్నాడు" అనేవారు.

ఒక ఏడు తొలకరిలో, అమ్మవారి తీర్థానికి వచ్చినవాళ్ళలో ఇద్దరికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వీరాస్వామి వెంటనే పడవలు కదలకుండా ఒడ్డున కట్టించేసి, తీర్థం ఆపేశాడు. రోగుల్ని పాకలో ఉంచాడు. కాచిన నీళ్ళే తాగమని ఇంటింటికీ తిరిగి బతిమాలాడు, కసిరాడు. ఆ ఇద్దరూ బతికారు. ఊళ్ళో మరెవరికీ రాలేదు.

అదే అతని మీదికి వచ్చింది. ఇద్దరికి కడుపులో తిప్పితే అమ్మవారి తీర్థం ఆపించాడని ఊరంతా పైవాళ్ళకు మొరపెట్టుకుని అతన్ని దింపించింది. అతని చోట బంగార్రాజు అనే అతను మునసబయ్యాడు. కాగులు అమ్మేశారు. పాకలో పొగాకు నింపుకున్నారు.

మరుసటి వరదకు కలరా మళ్ళీ వచ్చింది. పొగాకు తడిసిపోతుందని పాక ఖాళీ చేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రోగులు అరుగుల మీదే పడి ఉన్నారు. వీరాస్వామి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పొయ్యెక్కించి, కాచినన్ని నీళ్ళు పంచాడు. అతనికి మిగిలిన ఒక్క కూతురు కాంతం ఆ నీళ్ళు మోసుకెళ్ళి రోగులకు తాగించింది. ఆ పిల్లకీ అంటుకుంది. దక్కలేదు.

వరద తీసేసరికి దీపం పెట్టే దిక్కులేని ఇళ్ళు వీధి వీధికీ ఉన్నాయి. బంగార్రాజు నిద్రాహారాలు మాని తిరిగాడు, శవాలు మోశాడు, ఎదురేటిలో పడవ వేయించి పట్నం డాక్టర్లను తెచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఊరు సభ పెట్టి అతనికి దండలు వేసింది.

వీరాస్వామి కూడా వెళ్ళి వెనక కూర్చున్నాడు. పక్కనున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "చూశావా నాయనా, నీ హయాంలో ఎన్నడైనా ఇంత సేవ జరిగిందా?" అని అడిగింది.

చిదంబరం కల్వం వదిలి చూస్తున్నాడు. "దానికి ఆయన ఏమన్నాడండీ?"

"జరగలేదమ్మా, అన్నాడు" అన్నాడు రామకోటయ్య. "నిజమే కదా."